ప్రకాశం జిల్లా జనాభా ఎంత? రెండు జవాబులూ ఎందుకు నిజమే

ప్రకాశం జిల్లా జనాభా ఎంత అని వెతికితే ఒకచోట 33.97 లక్షలు అని కనిపిస్తుంది, ఇంకోచోట 22.88 లక్షలు అని ఉంటుంది. రెండింటి కిందా 2011 జనాభా లెక్కల ప్రకారం అనే రాసి ఉంటుంది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏ జవాబు గుర్తు పెట్టాలో తెలియక టెన్షన్ పడతారు. జిల్లా గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నవాళ్లు ఏదో ఒక అంకె ఎత్తి రాసేస్తారు. నిజానికి రెండు అంకెలూ సరైనవే. ఒకే పేరు కింద రెండు వేర్వేరు ప్రాంతాలను లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడా ఇది.

2025 చివర్లో మార్కాపురం విడి జిల్లా కావడంతో 22.88 లక్షలు కూడా పాత అంకె అయిపోయింది. మరోవైపు 2027 జనగణన దగ్గరపడుతోంది. బడి, ఆసుపత్రి, పంచాయతీ నిధులు, రిజర్వేషన్లు అన్నీ ఎక్కడో ఒకచోట జనాభా అంకెతో ముడిపడి ఉంటాయి. అందుకే ఏ అంకె ఏ హద్దుకు చెందినదో తెలుసుకోవడం ముఖ్యమని నా అభిప్రాయం.

మూడు జిల్లాల ముక్కలతో పుట్టిన జిల్లా

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడింది. గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు వచ్చాయి. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వచ్చాయి. కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు, కంభం వైపు వచ్చాయి. ఈ జిల్లాలోని వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం పంతులు పేరును 1972లో జిల్లాకు పెట్టారు. ఇంకా వెనక్కి వెళితే, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా నెల్లూరు జిల్లాలోనే ఉండేది.

అంటే మొదటి నుంచీ ఈ జిల్లాలో మూడు రకాల నేల ఉంది. తూర్పున సముద్రతీరం, చీరాల మగ్గాలు, ఒంగోలు వ్యాపారం. మధ్యలో వానను నమ్ముకున్న మెట్ట. పడమట నల్లమల, కంభం చెరువు, మార్కాపురం పలకలు, ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషులున్న ఊళ్లు. ఇన్ని తేడాలను కలిపి 'జిల్లా సగటు' అని ఒక్క అంకె చెబితే, అది చాలాసార్లు ఏ ఊరి పరిస్థితినీ చెప్పదు.

2011లో ఈ ఉమ్మడి జిల్లాలో 56 మండలాలు ఉన్నాయి. విస్తీర్ణం 17,626 చదరపు కిలోమీటర్లు, జనాభా 33,97,448. పెద్ద అంకె పుట్టింది ఇక్కడే.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేశారు. స్థూలంగా ఒక్కో లోక్‌సభ నియోజకవర్గాన్ని ఒక్కో జిల్లాగా తీసుకున్నారు. అరకును మాత్రం రెండుగా విడగొట్టారు. ఆ లెక్కలో చీరాల, పర్చూరు, అద్దంకి నియోజకవర్గాలకు చెందిన 13 మండలాలు బాపట్ల జిల్లాలోకి పోయాయి. కందుకూరు నియోజకవర్గంలోని 5 మండలాలు నెల్లూరుకు పోయాయి. మొత్తం 18 పోతే 56లో 38 మిగిలాయి. ఆ 38 మండలాల 2011 జనాభాను కూడితే వచ్చేది 22.88 లక్షలు. చిన్న అంకె కొత్తగా ఇంటింటికీ తిరిగి తీసింది కాదు. 2011లో రాసుకున్న లెక్కనే 2022 హద్దుల ప్రకారం మళ్లీ కూడారు, అంతే.

నెల్లూరులోనూ ఇదే జరిగింది. 2011లో 46 మండలాలు, 29,63,557 మంది. 2022లో గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాకు పోయి, కందుకూరు వచ్చి చేరాక 24.70 లక్షలు. జనాభాలో చూస్తే, ఉమ్మడి జిల్లాల్లో ప్రకాశం పెద్దది, నెల్లూరు చిన్నది. విభజన తర్వాత నెల్లూరు పెద్దదైంది. ఈ తారుమారులో ఒక్క కుటుంబమూ ఇల్లు మారలేదు.

మనుషులు కదలకుండానే జనసాంద్రత తగ్గితే

జనసాంద్రత అంటే ఒక చదరపు కిలోమీటరు నేల మీద సగటున ఎంతమంది ఉన్నారన్నది. ఉమ్మడి ప్రకాశంలో 33,97,448 మందిని 17,626తో భాగిస్తే 193 వస్తుంది. 2022 తర్వాతి ప్రకాశం విస్తీర్ణం 14,322 చదరపు కిలోమీటర్లు. 22.88 లక్షలను దానితో భాగిస్తే దాదాపు 160. జిల్లా నుంచి జనం వలసపోయారా? లేదు. కిక్కిరిసి ఉండే చీరాల వైపు పోయి, పలచగా ఉండే నల్లమల అంచు మిగిలింది. అదే సమయంలో కొత్త బాపట్ల జిల్లా 3,829 చదరపు కిలోమీటర్లలో 15.87 లక్షల మందితో, 414 సాంద్రతతో మొదలైంది.

జిల్లాల పోలికల్లో జరిగే పెద్ద పొరపాటు ఇదే. 2011 నాటి ప్రకాశం అక్షరాస్యత 63.08 శాతం. రేపు 2027 లెక్కల్లో ప్రకాశం పేరు పక్కన వేరే శాతం వస్తుంది. కొత్తదానిలోంచి పాతది తీసేసి ఇంత పెరిగింది అనడం తప్పు, ఎందుకంటే ఆ రెండూ ఒకే ఊళ్ల గుంపు గురించి చెప్పవు. పోల్చాలంటే మండలాల స్థాయికి దిగి, కొత్త హద్దులోని మండలాల 2011 అంకెలను ముందు కూడుకోవాలి. జిల్లా హద్దు ఎటు జరిగినా మండలం సాధారణంగా చెక్కుచెదరదు గనుక ఆ కూడిక సాధ్యమవుతుంది.

హద్దు మారని కాలానికి పోలిక ఎంత సూటిగా ఉంటుందో కూడా చూడండి. 2001లో ప్రకాశం జనాభా 30,59,423, నెల్లూరు 26,68,564. 2011 నాటికి రెండు జిల్లాలూ పెరిగింది సరిగ్గా 11.05 శాతమే. ఆ పదేళ్లలో జిల్లాల హద్దులు కదలలేదు గనుక ఈ మాట ధైర్యంగా చెప్పగలం.

కలెక్టరు నుంచి ఊరి దాకా రెండు దారులు

పాలన విషయంలోనూ ఇలాంటి తికమకే ఉంది. జిల్లా అనగానే మనకు కలెక్టరాఫీసు గుర్తొస్తుంది. కానీ జిల్లా నుంచి ఊరికి రెండు దారులున్నాయి.

మొదటిది రెవెన్యూ దారి. కలెక్టరు, జాయింట్ కలెక్టరు, డివిజన్‌కు ఆర్డీఓ, మండలానికి తహసీల్దారు, ఊళ్లో వీఆర్‌ఓ. భూమి రికార్డులు, కుల, ఆదాయ ధ్రువపత్రాలు, ఎన్నికల ఏర్పాట్లు, తుపాను వస్తే పునరావాసం ఈ దారిలో నడుస్తాయి. ఇక్కడ ఉన్నది నియమితులైన ఉద్యోగులు.

రెండోది ఓటుతో నడిచే దారి. జిల్లా పరిషత్తు, మండల పరిషత్తు, గ్రామ పంచాయతీ. వీటికి అధికారులుగా సీఈఓ, ఎంపీడీఓ, పంచాయతీ కార్యదర్శి ఉంటారు. తాగునీరు, వీధిదీపాలు, పారిశుద్ధ్యం, ఊరి రోడ్లు ఇందులోకి వస్తాయి. 2019 అక్టోబరు 2 నుంచి వచ్చిన గ్రామ సచివాలయాలు ఈ రెండు దారుల పనులనూ ఊళ్లోని ఒకే భవనంలోకి తెచ్చాయి. జనానికి అది మేలే చేసింది. అయితే ఏ పనికి ఎవరు జవాబుదారీ అన్న గీత అక్కడ కాస్త చెరిగిపోయింది కూడా.

మండలం చాలా పాతదని అనుకుంటారు గానీ అది 1985లో వచ్చింది. అంతకుముందు తాలూకాలు ఉండేవి. పెద్దవాళ్లు ఇప్పటికీ 'పొదిలి తాలూకా' అంటే అర్థం అదే. తాలూకా ఆఫీసుకు పోవాలంటే ఒక పూట ప్రయాణం. మండలాలు వచ్చాక ఆ దూరం బాగా తగ్గింది. పల్లె మనిషికి ప్రభుత్వాన్ని నిజంగా దగ్గర చేసిన మార్పు ఏది అంటే, జిల్లాల విభజన కన్నా ముందు నేను దాన్నే చెబుతాను.

కందుకూరు మనిషిది ఏ జిల్లా?

ఈ రెండు దారుల హద్దులు ఒక్కటిగా ఉంటే ఇంత అయోమయం ఉండేది కాదు. కందుకూరును తీసుకోండి. 1970కి ముందు నెల్లూరు జిల్లా. ఆ తర్వాత ప్రకాశం. 2022 నుంచి మళ్లీ నెల్లూరు. 2025 చివరి మార్పుల్లో, మార్కాపురం విడిపోతున్నప్పుడు, మళ్లీ ప్రకాశం.

ఇప్పుడు 2025 వేసవిలో కందుకూరులో ఉన్న ఒక డీఎస్సీ అభ్యర్థిని ఊహించుకోండి. అతని కలెక్టరు నెల్లూరులో ఉన్నారు. ఎంపీకి ఓటు వేసేది నెల్లూరు లోక్‌సభ స్థానంలోనే. అయినా అతని మండలం నుంచి గెలిచిన జెడ్పీటీసీ సభ్యుడు కూర్చునేది ఒంగోలు జిల్లా పరిషత్తులో. ఎందుకంటే 2021లో ఎన్నికైన జిల్లా పరిషత్తులు పాత 13 జిల్లాల లెక్కనే కొనసాగాయి. ఆ ఏడాది మెగా డీఎస్సీ పోస్టులనూ ఉమ్మడి జిల్లాల వారీగానే ప్రకటించారు. కాబట్టి కందుకూరులోనే చదువుకున్న అతను ఉద్యోగం దగ్గర ప్రకాశం జిల్లా స్థానికుడు.

ఉద్యోగాల్లో స్థానికత రాష్ట్రపతి ఉత్తర్వులతో ముడిపడి ఉంది. రాజ్యాంగంలోని 371-డి అధికరణ కింద వచ్చినవి అవి. జిల్లా హద్దును మాత్రం 1974 నాటి జిల్లాల ఏర్పాటు చట్టం కింద రాష్ట్ర ప్రభుత్వమే మార్చగలదు. ముందు ప్రాథమిక నోటిఫికేషన్ ఇచ్చి, అభ్యంతరాలు తీసుకుని, తర్వాత తుది నోటిఫికేషన్ ఇస్తారు. ఒకటి రాష్ట్రం చేతిలో ఉన్న పని, ఇంకొకటి ఢిల్లీ దాకా పోవాల్సిన పని. అందుకే రెండూ కలిసి నడవవు.

లోక్‌సభ హద్దుదీ ఇదే కథ. గెలాక్సీ గ్రానైటుకు పేరుపడ్డ చీమకుర్తి, సంతనూతలపాడు అసెంబ్లీ స్థానంలో ఉంది. ఆ స్థానం బాపట్ల లోక్‌సభ కిందికి వస్తుంది. కానీ 2022లో దాన్ని ఒంగోలుకు దగ్గరని ప్రకాశంలోనే ఉంచారు. నెల్లూరు పక్కనే ఉన్న సర్వేపల్లి తిరుపతి లోక్‌సభలో ఉంది, జిల్లా మాత్రం నెల్లూరే. లోక్‌సభ స్థానమే జిల్లా అన్న సూత్రానికి ఈ రెండు చోట్లా మినహాయింపు ఇచ్చారు. భూగోళాన్ని బట్టి చూస్తే అది సరైన నిర్ణయమే.

ఊరు అంటే ఏ ఊరు?

జనాభా పుస్తకంలో తమ ఊరు కనిపించలేదని కొందరు బాధపడుతుంటారు. జనగణనలో గ్రామం అంటే రెవెన్యూ గ్రామం. సర్వే చేసి హద్దురాళ్లు వేసిన నేల అది. దాని లోపల నాలుగైదు పల్లెలు ఉండొచ్చు. వాటిని శివారు పల్లెలు, మజరాలు అంటారు. వాటికి విడిగా లెక్క ముద్రించరు.

ఉదాహరణకు ఒక రెవెన్యూ గ్రామంలో 4,000 మంది ఉన్నారనుకుందాం. అసలు ఊళ్లో 1,800, దూరంగా ఉన్న పల్లెలో 1,400, కాలనీలో 800. జనగణనలో కనిపించేది 4,000 అన్న ఒక్క అంకె. ఆ 1,400 మంది పల్లె విడి పంచాయతీగా మారినా, రెవెన్యూ గ్రామం అదే ఉంటే, జనగణన గ్రామాల పట్టికలో ఆ పల్లె పేరు వెతికితే దొరకదు. దానికి తోడు జనమే లేని రెవెన్యూ గ్రామాలూ ఉన్నాయి. పొలాలు ఉంటాయి, పాస్‌పుస్తకాలు ఉంటాయి, ఇళ్లు ఉండవు. రికార్డుల్లో వాటిని బేచిరాక్ గ్రామాలు అంటారు. అందుకే జిల్లాలో ఎన్ని ఊళ్లు అనే ప్రశ్నకు రెవెన్యూ శాఖ, పంచాయతీరాజ్ శాఖ వేర్వేరు జవాబులు చెబుతాయి.

పల్లెకూ పట్నానికీ మధ్య గీత కూడా ఇలాంటిదే. 2011లో ప్రకాశంలో నూటికి 80 మంది గ్రామీణులే, నెల్లూరులో 71 మంది. మునిసిపాలిటీ, నగర పంచాయతీ ఉంటే జనగణన దాన్ని పట్టణం అంటుంది. అవి లేకపోయినా 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పురుష శ్రామికుల్లో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉండటం, ఈ మూడూ కలిస్తే జనగణన పట్టణంగా లెక్కిస్తుంది. దీంతో 12,000 మంది ఉన్న ఊరిలో సగంమంది పొలం పనుల్లో ఉంటే అది పల్లె. 6,000 మంది ఉన్న క్వారీ ఊరు పట్టణం కావచ్చు. రెండోదాన్ని అప్పటికీ పంచాయతీయే నడుపుతూ ఉంటుంది.

మార్కాపురం: దగ్గరతనం ఒకవైపు, నిధుల భయం ఇంకోవైపు

2025 నవంబరులో ప్రభుత్వం మార్కాపురం జిల్లాను ప్రతిపాదించింది. డిసెంబరు నెలాఖరుకు తుది ఉత్తర్వులు వచ్చాయి, రాష్ట్రంలో జిల్లాలు 28 అయ్యాయి. మార్కాపురం, యర్రగొండపాలెం, గిద్దలూరు, కనిగిరి నియోజకవర్గాలు, 21 మండలాలు, 2011 లెక్కలో 11.42 లక్షల మంది. 22.88 నుంచి 11.42 తీసేస్తే 11.46 లక్షలు. ఆ మార్పుల్లోనే ప్రకాశం వైపు తెచ్చిన కందుకూరు, అద్దంకి ప్రాంతాల జనాభాను దానికి కలపాలి.

ఎందుకు కోరారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. గిద్దలూరు నుంచి ఒంగోలు నూటయాభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఒక అర్జీ పట్టుకుని స్పందనకో, ఇప్పటి పేరుతో గ్రీవెన్స్‌కో పోవాలంటే కూలివాడికి ఒకరోజు కూలీ పోతుంది, చార్జీలు అదనం. జిల్లా స్థాయి ఆఫీసులు చాలావరకు జిల్లా కేంద్రంలోనే ఉంటాయి. పడమటి కరువు గురించి నిర్ణయాలు తీరంలో కూర్చుని తీసుకుంటున్నారన్న బాధ ఆ ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఉంది.

వ్యతిరేకించినవాళ్ల మాటనూ తేలిగ్గా తీసేయలేం. పడమటి మండలాల్లో పరిశ్రమ తక్కువ, సాగునీరు తక్కువ. వెలిగొండ ప్రాజెక్టు నీళ్లు పూర్తిగా పారితే తప్ప ఈ స్థితి మారదు. ఆదాయం ఉన్న తూర్పును వదులుకుని పేదరికాన్ని మాత్రం పంచుకున్నట్టు అవుతుందని వాళ్ల భయం. కొంతవరకు దీనికి జవాబుంది. జిల్లా తన పన్నులతో బతికేది కాదు, జీతాలూ పథకాలూ రాష్ట్ర ఖజానా నుంచి వస్తాయి. కానీ గనుల ప్రభావిత ప్రాంతాల కోసం పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి మాత్రం జిల్లా యూనిట్‌గా నడుస్తుంది. చీమకుర్తి గ్రానైటు సొమ్ము ఒంగోలు వైపే ఉండిపోతుంది. ఆ నిధిలో పెద్ద వాటా ఎలాగూ గనుల పక్క ఊళ్లకే పోవాలి గనుక, నష్టం ఉంది గానీ అనుకున్నంత పెద్దది కాకపోవచ్చు.

మూడో మాట కనిగిరి వైపు నుంచి వస్తుంది. ఉదయగిరి సరిహద్దులో ఉన్న పామూరు, సీఎస్ పురం ఊళ్లకు మార్కాపురమూ దూరమే. ఎక్కడ గీత గీసినా దాని అంచున కొన్ని ఊళ్లు మిగిలిపోతాయి. వాటికి కలెక్టరాఫీసు కన్నా బస్సు ముఖ్యం, తహసీల్దారు ఆఫీసులో ఖాళీలు నింపడం ముఖ్యం. కొత్త జిల్లా సంబరంలో ఈ మాట ఎవరికీ వినపడకపోవడం నాకు బాధ కలిగించింది.

ఫిబ్రవరిలో లెక్క, ఫిబ్రవరిలోనే మిరప కోతలు

విభజన 2025 డిసెంబరు దాటకుండా జరగడానికి ఒక గడువు కారణం. జనగణన కోసం 2025 డిసెంబరు 31 తర్వాత జిల్లా, మండలం, గ్రామం హద్దులు మార్చకూడదు. 2027 మార్చి 31 దాకా అవి అలాగే ఉండాలి. 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య ఇళ్ల జాబితా తయారవుతుంది. 2027 ఫిబ్రవరిలో మనుషుల లెక్క జరుగుతుంది. మార్చి 1 అర్ధరాత్రి సున్నా గంటల స్థితిని ప్రామాణికంగా తీసుకుంటారు. కులం కూడా ఈసారి రాస్తారు.

గత జనగణనల్లో పాటించిన నియమం ప్రకారం, మనిషిని మామూలుగా నివసించే చోటే లెక్కలో రాస్తారు. కానీ లెక్క జరిగే రోజులన్నీ అతను ఊరికి రాకుండా బయటే ఉంటే, ఎక్కడ కనిపిస్తే అక్కడే రాస్తారు. పడమటి మండలాలకు ఈ నియమం చిన్న విషయం కాదు. యర్రగొండపాలెం, కనిగిరి వైపు నుంచి కుటుంబాలు కట్టడం పనులకు హైదరాబాదు, బెంగళూరు పోతాయి. మిరప కోతలకు గుంటూరు, పల్నాడు వైపు పోతాయి. కోతలు సాగేది సరిగ్గా ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే.

ఒక పల్లెలో 900 మంది ఉన్నారనుకోండి. అందులో 250 మంది ఆ నెలంతా పల్నాడు చేల గట్ల మీద గుడిసెల్లో ఉంటే, పల్లె లెక్క 650 అవుతుంది. ఆ 250 మంది పల్నాడు జనాభాలో చేరతారు, లేదా ఎవరూ గుడిసె దాకా రాకపోతే ఎక్కడా చేరరు. ఆర్థిక సంఘం గ్రాంట్లకు జనాభాయే ప్రధాన కొలమానం. పదిహేనో ఆర్థిక సంఘం స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచేటప్పుడు 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం బరువు ఇచ్చింది. పంచాయతీ వార్డుల రిజర్వేషన్లూ జనాభాలో ఎవరు ఎంతమంది అన్న లెక్క మీదే నిలుస్తాయి. మే నెలలో ఆ 250 మంది ఇంటికి తిరిగొస్తారు. వాళ్లకు కావలసిన తాగునీటి ట్యాంకరు, బడి గది, రేషను మాత్రం 650 మంది పల్లెలోనే అడగాల్సి వస్తుంది.

ఇళ్ల జాబితా వేసవి, వానాకాలాల్లో జరుగుతుంది కాబట్టి అప్పటికి చాలా ఇళ్లు తలుపు తీసే ఉంటాయి. ఆ జాబితాలో ఇంట్లో ఎంతమంది ఉంటారో నమోదవుతుంది. దాన్ని ఫిబ్రవరి లెక్క పక్కన పెట్టి చూస్తే, మార్కాపురం జిల్లాలో ఏ మండలం నుంచి ఎంత వలస ఉందో పల్లె స్థాయిలో బయటపడే వీలుంది. విడి జిల్లా అయినందువల్ల ఇప్పుడు ఆ తేడా తీరం వైపు అంకెల్లో కలిసి మాసిపోదు.